పుంత దారీ, పచ్చ గీతలూ

మా ఆయన సర్వే శాఖలో ముప్ఫై రెండేళ్లు పనిచేసి రిటైరయ్యారు. అందుకని మా ఇంట్లో ప్రయాణమంటే సూట్‌కేసు కంటే ముందు పటం బయటికొస్తుంది. 2024 జూన్‌లో ఇంగ్లండ్‌కి, లీడ్స్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాం. తను మాకోసం యార్క్‌షైర్ డేల్స్ లోయల్లో హాజ్ అనే ఊళ్లో వారం రోజులకి ఒక కాటేజీ తీసుకుంది. "శనివారం దింపేసి వెళ్తాం, మళ్లీ శనివారం వచ్చి తీసుకెళ్తాం. మధ్యలో మీరిద్దరే" అంది. నలభై ఏళ్ల కాపురంలో మేమిద్దరమే ఎక్కడికైనా వెళ్లి వారం ఉండడం అదే మొదలు. తిరుపతి వెళ్లినా, అరకు వెళ్లినా మాతో ఎప్పుడూ టెంపో నిండా జనమే.

వెళ్లే దారిలో మాలమ్ దగ్గర ఆగి 80 మీటర్ల ఎత్తున్న సున్నపురాయి కొండగోడ చూశాం. రిబుల్‌హెడ్ దగ్గర 24 కమానుల రైలు వంతెన చూశాం. రెండూ గొప్పవే. బొర్రా గుహలూ సున్నపురాయే కాబట్టి మా ఆయన వాటి వయసుల మీద ఒక ఉపన్యాసం కూడా ఇచ్చారు. కానీ నేను రాయాలనుకున్నది వాటి గురించి కాదు. అలాంటి వింతలు మనకూ ఉన్నాయి. నాకు కొత్తగా అనిపించినవి వాటి మధ్యనున్న మామూలు పొలాలు.

ముందు కాటేజీ సంగతి. జనాభా వెయ్యి చుట్టూ ఉండే ఊరు హాజ్. ఊరి చివర రాతి ఇల్లు, చేయెత్తితే తగిలే పైకప్పు. తలుపు పక్కన అంకెల తాళమున్న చిన్న డబ్బా, అందులో తాళంచెవి. లోపల బల్ల మీద పాలు, రొట్టె, అర డజను గుడ్లు, ఒక కేకు, ఒక ఫైలు. ఆ ఫైలే అసలు ఆతిథ్యం. ఏ చెత్త ఏ డబ్బాలో, ఏ రోజు బయట పెట్టాలి, వేడినీళ్ల మీట ఎక్కడ, డాక్టరు ఎంత దూరం. దాని వెనక ఇంటావిడ చేత్తో రాసిన నాలుగు పేజీలు: గుమ్మం దగ్గర మొదలై గుమ్మం దగ్గరే ముగిసే నాలుగు నడకలు. ఏ గేటు దగ్గర బురదగా ఉంటుందో, ఎక్కడ కూర్చోడానికి రాయి ఉందో కూడా అందులో ఉంది. వారంలో ఆవిడ మొహం మేము చూడలేదు. రోజుకి మూడుసార్లు తలుపు తట్టి "క్యాంప్ ఫైర్ పెట్టించమంటారా" అని అడిగే కుర్రాడూ లేడు.

అద్దె వారానికి 600 పౌండ్లు. అప్పటి లెక్కన పౌండు 106 రూపాయల చుట్టూ ఉంది, అంటే రోజుకి తొమ్మిది వేలు. విని నా గుండె ఆగినంత పనైంది. తర్వాత ఆలోచిస్తే, సెలవుల్లో మన కొండల మీద ఓ మంచి రిసార్టు గది ధర కూడా దానికి మరీ దూరంగా ఏం లేదు. తేడా ఎక్కడంటే, రిసార్టులో మనం ప్రహరీ లోపల ఉండడానికి డబ్బు కడతాం. ఈతకొలను, బఫే, రాత్రి పాటలు అన్నీ లోపలే. కాటేజీలో లోపల చూడ్డానికేమీ లేదు. వాన పడితే పప్పుచారు పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చోవడం, తగ్గితే బయటికి నడవడం. అక్కడ జూన్‌లో రాత్రి తొమ్మిదిన్నర దాకా వెలుగుంటుంది కాబట్టి బయటికి చాలాసార్లే నడిచాం.

మొదటి రోజు హార్డ్రా జలపాతానికి బయలుదేరాం. 100 అడుగుల ఎత్తునుంచి ఒకే ధారగా పడుతుంది. కారులో ఐదు నిమిషాలు. పొలాల్లోంచి నడిస్తే రెండున్నర కిలోమీటర్లు. మేము నడిచాం, పోనూ రానూ మాకు పూట పట్టింది. దారి ఎవరిదో గడ్డి చేను మధ్యలోంచి పోతుంది. నేలలో పాతిన రాతి పలకలు ఒకదాని వెనక ఒకటి, పాత ఇళ్ల గడపల్లా మధ్యలో అరిగి పల్లంగా ఉన్నాయి. వాటి మీద ఇద్దరు పక్కపక్కన నడవలేరు, అంత వెడల్పు పెట్టనే లేదు. గడ్డి కూడా పంటేనని, ఒకరి వెనక ఒకరు నడవమని అక్కడ ఒక చెక్క మీద రాసుంది. చేనుకీ చేనుకీ మధ్య సున్నం, మట్టి ఏదీ లేకుండా పేర్చిన రాతిగోడ. గోడలో ఒకచోట రెండు నిలువు బండల మధ్య సందు. మోకాళ్ల దగ్గర ఇరుకు, పైకి వచ్చేసరికి వెడల్పు. మనిషి ఒక కాలు తర్వాత ఒక కాలు వేసి దాటగలడు, గొర్రె దాటలేదు. మా ఆయన మాత్రం కొంచెం ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది.

నాకైతే దొంగతనంగా వెళ్తున్నట్టే ఉంది. ఇంతలో నాలుగు చక్రాల మోటారు బండి మీద ఆ చేను రైతు ఎదురొచ్చాడు. మేమిద్దరం ఠక్కున ఆగిపోయాం. మా ఆయన జేబులోంచి పటం తీశారు, ఏదో సంజాయిషీ ఇవ్వబోతున్నట్టు. ఆ మనిషి హ్యాండిల్ మీంచి ఒక్క వేలెత్తి పలకరించాడు. పక్క మడిలో దూడతో ఉన్న ఆవుంది, గోడ వారగా పొండి అన్నాడు. వెళ్లిపోయాడు. అంతే. ఆయన మర్యాద కొద్దీ మమ్మల్ని పోనిచ్చాడని అప్పుడనుకున్నాను. ఆ దారి మూయడానికి ఆయనకి అధికారమే లేదని రాత్రి మా ఆయన పటం పరిచి చెప్పాకే తెలిసింది.

ఆ పటం ఆర్డినెన్స్ సర్వే వాళ్లది. 4 సెంటీమీటర్లంటే నేల మీద ఒక కిలోమీటరు. పొలాల గోడలతో సహా ఉంటుంది. దాని మీద సన్నటి పచ్చ చుక్కల గీతలు ఉన్నాయి. ప్రతి గీతా ప్రజలకి నడిచే హక్కున్న దారి. పొలం ఎవరిదైనా సరే. ఇంగ్లండ్, వేల్స్‌లలో ఇలా రికార్డుకెక్కిన దారులు సుమారు 2,25,000 కిలోమీటర్లు. భూమి నడుముకి ఐదున్నర చుట్లు. రైతు తన చేను దున్నుకోవచ్చు, చేను మధ్యగా పోయే కాలిదారిని కూడా కలిపి దున్నవచ్చు. కానీ మొదటిసారి దున్నిన 14 రోజుల్లోగా, ఆ తర్వాత చేసే పనులకైతే 24 గంటల్లోగా, కనీసం మీటరు వెడల్పున మళ్లీ నడవడానికి వీలుగా సర్ది పెట్టాలి. గేట్లు, గోడ సందులు బాగుచేయించే బాధ్యత భూమి యజమానిది, ఖర్చులో కనీసం పాతిక వంతు కౌన్సిల్ ఇస్తుంది. నేల బాగు కౌన్సిల్ చూసుకుంటుంది. నడిచేవాడికీ కట్టుబాట్లున్నాయి. గేటు మూసి ఉంటే మూసి వెళ్లాలి, తెరిచి ఉంటే తెరిచే వదలాలి. కుక్కని పశువుల మీదికి పోనివ్వకూడదు.

ఇదంతా ఆ జాతి పుట్టుకతో తెచ్చుకున్న సంస్కారం అనుకుంటే పొరపాటు. 1932 ఏప్రిల్ 24న కిండర్ స్కౌట్ అనే కొండ మీదికి కొన్ని వందల మంది కార్మికులు, కుర్రాళ్లు కావాలనే అక్రమంగా ఎక్కారు. అప్పట్లో ఆ కొండలు వేట పిట్టల కోసం జమీందార్ల చేతుల్లో ఉండేవి, కాపలావాళ్లు కర్రలతో నిలబడేవారు. ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల దాకా జైలు పడింది. ముందు నడిచిన బెన్నీ రాథ్‌మన్‌కి అప్పటికి ఇరవై ఏళ్లు. తర్వాత యుద్ధం వచ్చింది, పోయింది. 1949లో ఈ దారుల్ని రికార్డుకెక్కించే చట్టం వచ్చింది. హార్డ్రాకి మేము నడిచిన పలకల దారి 268 మైళ్ల పెన్నైన్ వే అనే పెద్ద నడకదారిలో ఒక ముక్క. దాన్ని 1965లో ప్రారంభించడానికి కూడా ఏప్రిల్ 24నే ఎంచుకున్నారు.

1949 చట్టంలో మా ఆయనకి నచ్చింది హక్కు కాదు, పద్ధతి. లండన్‌లో కూర్చుని ఎవరో గీతలు గీయలేదు. ఊరూరా ఉండే పారిష్ కౌన్సిళ్లని, అంటే దాదాపు మన గ్రామ పంచాయతీలని, మీ ఊళ్లో జనం ఏయే దారుల్లో నడుస్తున్నారో నడిచి చూసి రాసివ్వండి అన్నారు. బడిపంతుళ్లు, పోస్టుమాన్లు, ముసలాళ్లు చెప్పింది కాగితం మీదికొచ్చింది. ముసాయిదా పటం వేశారు, అభ్యంతరాలు విన్నారు, తగాదాలు పడ్డారు, చివరికి ఖాయం చేశారు. ఏళ్లకేళ్లు పట్టింది. కొన్ని ఊళ్లు బద్ధకించాయి. ఆ బద్ధకం ఫలితం ఇప్పటికీ అనుభవిస్తున్నారు: పాత పటాల్లో ఉండి రికార్డుకెక్కని దారులు 49,000 మైళ్ల పైన ఉండవచ్చని నడకదారుల సంఘం 2020లో లెక్క తేల్చింది. అయినా, ఒకసారి రాసింది రాసినట్టే. ఎన్నాళ్లు వాడకపోయినా రికార్డులో ఉన్న దారి హక్కు దానంతటది చచ్చిపోదు.

"మనకి లేదనుకుంటున్నావా?" అన్నారు మా ఆయన ఆ రాత్రి. ఉంది. సర్వే ఆఫ్ ఇండియా పుట్టింది 1767లో, ఆర్డినెన్స్ సర్వే 1791లో. మనదే పెద్ద. భూమి కొలిచిన గొలుసు కూడా ఒకటే: 66 అడుగులు, 100 లింకులు. ఇక్కడ శిస్తు కోసం కొలిచారు, అక్కడ ఫ్రెంచివాళ్లు దండెత్తి వస్తారన్న భయంతో కొలిచారు. నడిచేవాడి సుఖం కోసం రెండుచోట్లా ఎవరూ కొలవలేదు. మన గ్రామ పటాల్లోనూ దారులున్నాయి. గోదావరి జిల్లాల్లో పుంత, కృష్ణా గుంటూరు వైపు డొంక, తెలంగాణలో బండ్లబాట. అవి రికార్డుల్లో ఎవరి పట్టాలోనూ పడని పోరంబోకు. చట్టం కూడా మరీ అంత పరాయిదేం కాదు. అక్కడ ఒక దారిలో జనం 20 ఏళ్లు అడ్డులేకుండా నడిస్తే అది ప్రజల దారి అయినట్టే చట్టం భావిస్తుంది. ఇక్కడ 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలోనూ అదే 20 ఏళ్లు. కాకపోతే అది చాలావరకు పక్క చేను రైతు తన చేలోకి పోవడానికి కోర్టుకెళ్లి గెలుచుకునే హక్కు. ఊరికే నడుద్దామనుకునే మనిషి అందులో ఎక్కడా లేడు.

మా పుట్టింటి ఊళ్లో అలాంటి పుంత ఒకటుంది. వీధి చివర నుంచి వరిచేల మధ్యగా కాలువ గట్టుకి కిలోమీటరు పైగా. నేను అవతలి ఊరి హైస్కూలుకి ఐదేళ్లు దానిమీదే నడిచాను. పటంలో దాని వెడల్పు 40 లింకులు, అంటే 26 అడుగుల పైన, రెండు బండ్లు ఎదురెదురుగా వచ్చినా తప్పుకునేంత. ఇప్పుడు కొన్నిచోట్ల సైకిలు కూడా పట్టదు. ఎవరూ ఒక్క రోజులో మింగలేదు. ఏటా దుక్కిలో ఒక చాలు కలిసింది, ఒకరు గట్టు జరిపారు, ఒకరు గడ్డిమేటు వేశారు. మిగతాది తుమ్మ చెట్లు చూసుకున్నాయి. ఉద్యోగంలో ఉండగా ఇలాంటివి ఎన్ని చూసుంటారని అడిగితే మా ఆయన కాసేపు మాట్లాడలేదు. "ఫిర్యాదు వస్తే కొలిచేవాళ్లం. చేనుకి పట్టాదారున్నాడు, వాడు ఫిర్యాదు చేస్తాడు. పుంతకెవరున్నారు?" అన్నారు.

నాకు ఆ వారంలో దొరికిన జవాబు ఇదే అనిపించింది. అక్కడ పుంతకి మనుషులున్నారు. 1935లో పెట్టిన ఆ నడకదారుల సంఘానికి ఇప్పుడు లక్ష మంది దాకా సభ్యులు. ఒక గేటుకి ముళ్లతీగ కడితే మూడోనాటికి కౌన్సిల్‌కి ఉత్తరం పోతుంది. సెలవు రోజున ఊరికే నడిచే జంటలే ఆ దారులకి కాపలా. దారిని చట్టం కాపాడుతోందనుకుంటాం గానీ, చట్టం అల్మారాలో ఉంటుంది. గడ్డి మొలవకుండా ఆపేది చెప్పులే.

మనం నడవలేని వాళ్లమా? సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కిలోమీటర్లు, ఆషాఢ పౌర్ణమికి లక్షల మంది ఒక్క రాత్రిలో తిరిగొస్తారు. అలిపిరి మెట్లు 3,550. మొక్కు కోసం నడుస్తాం, షుగరు కోసం పార్కులో గుండ్రంగా తిరుగుతాం, గతిలేక నడుస్తాం. చూడ్డానికి నడవం. చూడ్డానికి కారెక్కుతాం. విశాఖ నుంచి అరకుకి 115 కిలోమీటర్లు. పొద్దున్నే బయలుదేరి గాలికొండ, కటికి, బొర్రా, పద్మాపురం, చాపరాయి అని ఎన్ని "పాయింట్లు" కొడితే అంత గిట్టుబాటు. ప్రతి పాయింటు దగ్గరా ఒక ఫొటో, ఒక బొంగు చికెన్, ఒక ప్లాస్టిక్ గుట్ట. రెండు పాయింట్ల మధ్య ఉన్నది మనకి దారి కాదు, ఆలస్యం. తప్పు జనానిదే అనను. దిగి నడుద్దామన్నా ఎటు నడవాలో చెప్పే పటం చేతికివ్వలేదు. దశాబ్దాలపాటు మన సర్వే పటాలు మామూలు మనిషికి అందేవి కావు. 2017లో గానీ 50,000 స్కేలువి ఇంటర్నెట్లో ఉచితంగా పెట్టలేదు. అది కూడా సగం మందికి తెలీదు.

శనివారం మా అమ్మాయీ అల్లుడూ వచ్చారు. గిన్నెలు కడిగి, తాళంచెవి డబ్బాలో పెట్టి, కొండ దాటి స్వేల్‌డేల్ లోయలోని మ్యూకర్‌కి వెళ్లాం. జూన్‌లో అక్కడి గడ్డిచేలు పూలమయం. పసుపు, ఊదా, తెలుపు. మధ్యలోంచి అదే పలకల దారి. ఆ లోయలో ఇంకో పాత దారి ఉంది. దాన్ని శవాల దారి అంటారు. పూర్వం ఆ లోయంతటికీ శ్మశానం గ్రింటన్ గుడి దగ్గరే ఉండేది. పైనున్న కెల్డ్ ఊరివాళ్లు చనిపోతే 16 మైళ్లు శవాన్ని మోసుకెళ్లేవారు. ఐవ్‌లెట్ వంతెన దగ్గర పెట్టెని దించి ఊపిరి పీల్చుకోడానికి వేసిన బండ ఇప్పటికీ ఉంది. 1580లో మ్యూకర్‌లోనే గుడి, శ్మశానం వచ్చాక ఆ మోత తప్పింది. దారి మాత్రం పోలేదు, ఇప్పుడు సెలవులకొచ్చినవాళ్లు నడుస్తారు. ఇదంతా అక్కడి బోర్డు మీద చదువుతుంటే నాకు మన ఊళ్లు గుర్తొచ్చాయి. దళితవాడ నుంచి శ్మశానానికి దారి లేక, చేల గట్ల మీద, ఒక్కోచోట కాలవలో దిగి పాడె మోసుకెళ్లే ఫొటోలు మన పేపర్లలో ఏటా వస్తాయి. పటంలో ఆ దారీ ఉండే ఉంటుంది. పుంత పోతే విహారానికి వచ్చిన మాలాంటి వాళ్లకి సరదా పోతుంది. వాళ్లకి పోయేది వేరు.

అక్కడ అన్నీ బాగున్నాయని కాదు. మేము దిగినలాంటి ఇళ్లే అక్కడి కుర్రకారుకి శాపం. ఊళ్లో రాతి ఇళ్లు సెలవు కాటేజీలుగా మారి, ధరలు పెరిగి, అక్కడే పుట్టినవాళ్లు అక్కడ కొనుక్కోలేకపోతున్నారు. రెండో ఇళ్ల మీద 2025 ఏప్రిల్ నుంచి అక్కడి కౌన్సిల్ పన్ను రెట్టింపు చేసింది. దారి మీద నడిచే హక్కుంది గానీ, దారి వదిలి ఇష్టమొచ్చినట్టు తిరిగే హక్కు ఇంగ్లండ్ నేలలో ఎనిమిది శాతానికే. ఆ వారమంతా దారుల్లో మా రంగు మనుషులు ఇద్దరు ముగ్గురే కనబడ్డారు. ఇక వాతావరణం. వాళ్లు జూన్ మిట్టమధ్యాహ్నం కోటు వేసుకుని నడుస్తారు, మనకి కార్తికం నుంచి మాఘం దాకా పొద్దుటి పూటే నడక. పాములున్నాయి, వీధి కుక్కలున్నాయి. ఇంకొకటి కూడా చెప్పాలి. బుధవారం పొద్దున మా ఆయన నిద్రపోతుంటే నేనొక్కదాన్నే గేల్ అనే పక్క ఊరికి పొలాలకడ్డంగా నడిచి వెళ్లి వచ్చాను. పని లేకుండా, తోడు లేకుండా, ఎవరూ ఎక్కడికని అడగకుండా పొలం దారిలో నడవడం అరవై రెండేళ్లలో నాకదే మొదటిసారి. దానికి పటాలొక్కటే సరిపోవు.

పటాలతో మొదలుపెట్టొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివర్లో మొదలైన రీసర్వేలో డ్రోన్లు ఎగురుతున్నాయి, రాళ్లు పాతుతున్నారు. పట్టాదారు తన హద్దు చూసుకుంటున్నాడు. అదే సమయంలో ఒక గ్రామసభ పెట్టి పాత పటంలోని పుంతలు, డొంకలు, శ్మశానం దారులు చదివి వినిపించి, ఇవాళ ఏవి నడుస్తున్నాయి, ఏవి పోయాయి అని రాసుకోవడానికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లకి గుర్తున్నాయి. ఏజెన్సీలో ఇళ్లల్లో అతిథుల్ని పెట్టుకునేవాళ్లు హాజ్‌లోని ఆ ఇంటావిడలాగా నాలుగు నడకలు చేత్తో రాసి బల్ల మీద పెడితే, అతిథి ఇంకో రోజు ఉంటాడు.

వచ్చాక డిసెంబరులో మా ఊరు వెళ్లాం. మా ఆయన గ్రామ పటం నకలు సంపాదించారు. ఇద్దరం పొద్దున్నే పుంత మీద బయలుదేరాం. దారిలో ముగ్గురు బండి ఆపి, "ఏమండీ మాస్టారూ, ఆటో దొరకలేదా, ఎక్కండి" అన్నారు. సర్వేయరుని మాస్టారంటే మా ఆయనకి కోపం, అది వేరే సంగతి. అరకిలోమీటరు బాగానే నడిచింది. తర్వాత ఒక గడ్డిమేటు దారికి అడ్డంగా ఉంది. దాని యజమాని నా చిన్నప్పుడు బడిలో నాకంటే రెండు క్లాసుల కిందివాడు. పటం చూడగానే మొహం మాడ్చాడు. కొలతకొచ్చాం కాదురా, నడవడానికొచ్చాం అన్నాను. "నడవడానికా? ఎందుకక్కా?" అన్నాడు. కాలువ దాకా వెళ్లి, ఆ గట్టు మీద కాసేపు కూర్చుని వస్తామని చెప్పాను. వాడు ఆయనవంకా నావంకా చూసి, మేటు పక్కన తుమ్మ కొమ్మలు కత్తితో రెండు వేట్లు నరికి మనిషి పట్టే సందు చేశాడు. దాళ్వా కోతలయ్యాక మేటు అవతలికి వేస్తానన్నాడు. మా ఆయన ఊపిరి బిగబట్టి ఆ సందులోంచి దాటారు.